పురుషోత్తమప్ప పెద్దమ్మాయి

చింతామణిలో పురుషోత్తమప్ప అంగడికి పోయి కంప్యూటర్ కొనుక్కు రావచ్చని ఎవరైనా అనుకుంటే, వాళ్లు ఆయన్ని ఎరగనివాళ్లన్నమాట. ఆయన కంప్యూటర్ అమ్మడు. పిల్లనిచ్చినట్టు ఇస్తాడు. ఇచ్చేముందు మీ ఇంటికొచ్చి చూస్తాడు. ఇల్లు నచ్చిందా, పెట్టెకు పసుపూ కుంకుమా పెట్టి సాగనంపుతాడు. నచ్చలేదా, "ఈ సంబంధం కుదర్దప్పా, ఏమీ అనుకోవద్దు" అని తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు. అలా నోరు తెరుచుకుని నిలబడిపోయినవాళ్లు చిక్కబళ్లాపురం నుంచి బాగేపల్లి దాకా ఊరికొకరున్నారు.

బాగేపల్లిలో సిమెంటు, ఇనుము అమ్మే గంగప్ప సంగతే చూడండి. లెక్కలకని ఒక కంప్యూటర్ అడిగాడు పాపం. పురుషోత్తమప్ప ఆకూ వక్కా అరటిపళ్లూ పట్టుకుని బస్సు దిగాడు. కంప్యూటర్ పెట్టబోయే బల్లమీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలు గంగప్ప ముక్కు ముందర పెట్టాడు. వేలు కనబడలేదు, సిమెంటే కనబడింది.

"గంగప్పా, నీకు ఆడబిడ్డలుండారా?"

"ఇద్దరుండారప్పా."

"ఇట్లాంటి తావుకి ఇస్తావా?"

గంగప్ప బల్లకేసి చూశాడు, బస్తాలకేసి చూశాడు. "ఇయ్యను" అన్నాడు. అన్నాక గాని తానేం అన్నాడో తనకు తెలియలేదు. కంప్యూటర్ కొందామని పిలిచి, తన అంగడి పనికిరాదని తన నోటితోనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత దానికోసం అద్దాల గది ఒకటి కట్టించి మళ్లీ కబురు పెడితే గాని సంబంధం కుదరలేదు.

ఇచ్చేశాక వదిలేస్తాడా అంటే, అదీ లేదు. కొత్త పెళ్లికూతురు మొదటి ఆషాఢం అత్తింట్లో ఉండకూడదు కదా. చిక్కబళ్లాపురంలో కిశోర్ అని ఒక లాయరు, కొత్త కంప్యూటర్‌లో కేసు కాగితాలు తయారు చేసుకుంటుంటే పురుషోత్తమప్ప ఆటో దిగి వైర్లు పీకడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా ఇది, రేపు నాకు కోర్టు ఉండాది."

"ఆషాఢం వచ్చింది. పిల్లని తీసుకపోతాండాను."

"అది కంప్యూటరప్పా."

"అయితే? ఆషాఢం గాలి దానికి తగలదా? ఎంత దుమ్ము మింగిందో పుట్టింట్లో విప్పి చూస్తే గదా తెలిసేది."

దాని బదులు ఒక పాత మెషీన్ పెట్టి కాగితాలన్నీ అందులోకి ఎక్కించి మరీ తీసుకుపోయాడు. తిరిగి పంపేటప్పుడు, లోపల దొరికిన దుమ్ము ఉండను పొట్లం కట్టి పంపాడు. కోర్టులో ఎవరి మాటకీ తడుముకోని కిశోర్ ఆ పొట్లం విప్పి చూసి, మర్నాడే కంప్యూటర్ మీద కప్పడానికి గుడ్డ కొనుక్కొచ్చాడట.

ఇలాంటి మనిషి దగ్గరికి సాదలి అనే పల్లె నుంచి నేత్ర పోయింది. ఆమె కోరి పోలేదు. అవసరం అట్లా వచ్చిపడింది.

నేత్ర బెంగళూరులో ఒక కార్టూన్ సినిమాల కంపెనీలో ఐదేళ్లు పని చేసింది. ఐదేళ్లూ చెట్లు, మబ్బులు, వెనకాల కనిపించే గోడలు. ఒక్క ముఖం చెయ్యనివ్వలేదు. విసుగెత్తి మానేసి ఇంటికొచ్చి, తనే ఒక కథ రాసుకుని ఇంకో కంపెనీకి చూపించింది. కడుపు నిండక గూడు కట్టుకోనని మొండికేసే పట్టుపురుగు కథ అది. వాళ్లకు నచ్చింది. "ఉగాది లోపల బొమ్మ మొత్తం తయారు చేసి పంపు. బాగుంటే ఇంటి దగ్గర నుంచే ఏడాది పని ఇస్తాం" అన్నారు. పంపలేకపోతే మళ్లీ ఆ చెట్లూ మబ్బుల కుర్చీయే గతి. ఆ కుర్చీని తలచుకుంటేనే నేత్రకు నడుం నొప్పి వచ్చేది.

బొమ్మ చెయ్యాలంటే కంప్యూటర్ కావాలి. ఏ కంప్యూటర్ అన్న దగ్గర ఇంట్లో యుద్ధం మొదలైంది.

"అక్కా, గేమింగ్ ప్రాసెసర్ తీసుకో. దాని స్పీడు ముందర ఏదీ నిలబడదు" అన్నాడు తమ్ముడు రూపేష్. ఈ సలహాలో వాడి స్వార్థం ఎంతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు.

"స్పీడు ఒకటే కాదురా. నాకు సర్వర్ క్లాసు వర్క్‌స్టేషన్ కావాల."

"అది ఆఫీసోళ్లు పెట్టుకునేది. నువ్వేమన్నా బ్యాంకు పెడతాండావా?"

నేత్ర విడమరిచి చెప్పింది. గేమింగ్ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే పనివాళ్లు కొద్దిమందే, ఒక్కొక్కడూ చురుకైనవాడు. బొమ్మను ఇటూ అటూ తిప్పి, నవ్వించి, ఏడిపించేటప్పుడు వాడు బాగా పనికొస్తాడు. సర్వర్ ప్రాసెసర్‌లో పనివాళ్లు బోలెడుమంది. ఒక్కొక్కడూ నిదానం, కానీ అలిసిపోరు, రోజుల తరబడి లెక్క తప్పరు. బొమ్మ మొత్తం అయ్యాక ప్రతి చిత్రాన్నీ వెలుగునీడలతో సహా తుది రూపం తీసే రెండరింగ్ అనే పని ఉంది చూడండి, దానికి వీళ్లే కావాలి. తన కథలో వెయ్యి పురుగులు ఒకేసారి ఆకు తినే దృశ్యం ఉంది. దాన్ని కొద్దిమంది చేత లాగించడం అయ్యే పని కాదు.

"రెండిట్లో కరెంటు తక్కువ తినేది యాది?" అని వాళ్ల నాయన వెంకటరాయప్ప మధ్యలో అడిగాడు. అక్కాతమ్ముళ్లు అప్పటికే ఇంకో మాట మీదికి పోయారు.

చింతామణి అంగడిలో నేత్ర సంగతంతా చెబితే పురుషోత్తమప్ప శ్రద్ధగా విన్నాడు. లోపలి గదిలోకి తీసుకుపోయి ఒక నల్లటి ఎత్తయిన మెషీన్‌ని చూపించాడు. నేత్ర అడగాలనుకున్నవన్నీ అందులో ఉన్నాయి.

"మా పెద్దమ్మాయి" అన్నాడు.

"ఎంతప్పా ఇది?"

అనకూడని మాటేదో అన్నట్టు చూశాడాయన. "ఎంత అనేది తర్వాత. ముందు ఇల్లు చూడాల. గురువారం వస్తాను. ఇంట్లో పెద్దోళ్లు ఉండేటట్ల చూసుకో."

నేత్ర ఇంటికి పోయి, "గురువారం చింతామణి నుంచి పురుషోత్తమప్ప అని ఒకాయన ఇల్లు చూసేదానికి వస్తాండాడు" అని మాత్రం చెప్పి తన పనిలో పడిపోయింది. పెళ్లీడు వచ్చిన కూతురు అట్లా చెబితే ఏ తల్లి అయినా ఏమనుకుంటుంది? మునివెంకటమ్మ అదే అనుకుంది. గురువారం పొద్దున్నే కేసరిబాత్ ఉడికింది. చాప పరిచింది. అక్కచెల్లెళ్లకు కబురు పోయింది. పురుషోత్తమప్ప ఆకూ వక్కా అరటిపళ్లతో గడప దగ్గర నిలబడేసరికి ఇంక అనుమానం కూడా మిగల్లేదు.

"రాండప్పా, కూర్చోండి. పిల్లోడు రాలేదా?" అంది మునివెంకటమ్మ.

"పిల్లోడు యాడుండాడమ్మా. మాది పిల్ల."

"పిల్లా?"

"పెద్దమ్మాయి. చానా నిదానస్తురాలు. రాత్రనక పగలనక పని చేస్తాది, నోరెత్తదు. కొంచెం వేడి మనిషి, అంతే."

మునివెంకటమ్మ చేతిలో గరిటె అట్లాగే గాల్లో నిలిచిపోయింది. రూపేష్ వైపు తిరిగి, వాడికి ఇరవై కూడా నిండలేదని చెప్పబోయి, మొగుడి ముఖం చూసింది. వెంకటరాయప్పేమో కొడుకుని కొత్తగా చూస్తున్నాడు. రూపేష్ లేచి గోడకు ఆనుకున్నాడు. నేత్ర పరుగున వచ్చి అది కంప్యూటర్ అని చెప్పేదాకా ఆ ఇంట్లో రూపేష్ పెళ్లికొడుకే. చెప్పిన తర్వాత కూడా మునివెంకటమ్మ తేరుకోలేదు. కంప్యూటర్‌కి ఇంత కేసరిబాత్ చేసినానా అని ఆమె బాధ.

పురుషోత్తమప్ప మాత్రం రెండుసార్లు వడ్డించుకుని తిని పనిలోకి దిగాడు. మీటరు చూశాడు. బోరు మోటారు వేయించి ఇంట్లో దీపాలు ఎంత మసకబారతాయో చూశాడు. స్విచ్‌బోర్డుకి చెవి ఆనించి విన్నాడు. మునివెంకటమ్మను పక్కకు పిలిచి, "కోపమొస్తే వైరు పీకే అలవాటు ఈ ఇంట్లో ఎవరికైనా ఉండాదామ్మా?" అని అడిగాడు. ఆమె రూపేష్ పేరు చెప్పింది.

చివరికి నేత్ర గదిలోకి పోయి గోడమీద అరచెయ్యి పెట్టాడు. గోడకి అవతల పట్టుపురుగుల షెడ్డు. వాన పడుతున్నట్టు చప్పుడు వినిపిస్తోంది. పురుగులు ఆకు తినే చప్పుడు అది.

"యా దశలో ఉండాయి?" అని అడిగాడు.

"పెద్ద పురుగప్పా. ఇంకో వారానికి గూడు కడతాయి. అవి అయినాక ఉగాదికి ఇంకో పంట" అన్నాడు వెంకటరాయప్ప. "వేడి తగలకుండా చూసుకోవాల, అంతే."

పురుషోత్తమప్ప ఆ గోడమీద పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. తీసి, నేరుగా బయటికి నడిచి, గడప దగ్గర ఆగి, వంగి జానతో గడప ఎత్తు కొలిచాడు.

"పెద్దమ్మాయిని ఈ ఇంటికి ఇయ్యను" అన్నాడు.

నేత్ర ఆయనకి అడ్డంగా వచ్చి నిలబడింది. "యాలప్పా?"

"మీ గడప ఎత్తు. పిల్ల కాలికి తగులుతాది."

"దానికి కాళ్లు యాడుండాయి?"

"ఉండాయో లేదో, ఎత్తయితే ఎత్తే. చిన్నమ్మాయిని ఇస్తాను. గేమింగ్ ప్రాసెసర్‌ది. గట్టి పిల్ల, తక్కువ తింటాది, ఎట్లాంటి గడపైనా దాటుతాది."

రూపేష్ ఎగిరి గంతేయబోయాడు. పురుషోత్తమప్ప వేలు చూపించాడు. "నువ్వు దాంట్లో ఆటలాడినావని తెలిసిందో, పుట్టింటికి తీసుకపోతాను."

నేత్ర ఆయనకు చెప్పని మాట లేదు. తన కథ చెప్పింది, వెయ్యి పురుగుల సంగతి చెప్పింది, ఉగాది గడువు చెప్పింది, చెట్లూ మబ్బుల కుర్చీ గురించి కూడా చెప్పింది. ఆయన వక్క నములుతూ అంతా విని, "చిన్నది సోమవారం వస్తాది" అని బస్సెక్కాడు. గడప ఎత్తుగా ఉందని ఒక మనిషి బతుకు చెడగొట్టడం లోకంలో ఎక్కడైనా ఉందా అని నేత్ర ఆ రోజంతా మండిపడింది. చిక్కబళ్లాపురంలో కనబడిన ప్రతి అంగడీ ఎక్కి దిగింది. అంత పెద్దది తెప్పించాలంటే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు అందరూ. వేరే దారి లేక చిన్నదానికే ఒప్పుకుంది.

సోమవారం ఆయన వచ్చి చిన్నదాన్ని పెట్టి, కుంకుమ దిద్ది, దుమ్ము పడకుండా మునివెంకటమ్మ చేత పాత చీర ముక్కతో ముసుగు కుట్టించి పోయాడు. నేత్ర ఆయనకు కనబడకుండా షెడ్డులోకి పోయి కూర్చుంది. ఆయనకు అది పట్టినట్టే లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. చిన్నది మహా చురుకుగా పని చేసింది. నేత్ర చెయ్యి కదిపితే బొమ్మ కదిలింది. వెలిగిన మొహం, అలిగిన మొహం, ఆకు చూసి లొట్టలేసే మొహం, అన్నీ ఆమె అనుకున్నట్టే వచ్చాయి. ఐదేళ్లు ముఖం చెయ్యనివ్వని కసి అంతా ఆ పురుగు ముఖంలో తీర్చుకుంది. అవతల మొదటి పంట గూళ్లు కట్టి సంతకు పోయింది, కొత్త పిల్ల పురుగులు వచ్చాయి. ఇవతల నేత్ర బొమ్మ మొత్తం పూర్తయింది. మిగిలింది రెండరింగ్ ఒక్కటే.

మీట నొక్కింది. మెషీన్ లెక్క వేసుకుని, పని ఎప్పటికి అవుతుందో తేదీ చూపించింది. ఉగాది దాటింది. శ్రీరామనవమి కూడా దాటింది.

నేత్ర తెరమీద చెయ్యిపెట్టి తుడిచి మళ్లీ చూసింది. అదే తేదీ. ఇలా అవుతుందని మొదట్నుంచీ తెలుసు. వెంకటరాయప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏమైందని అడిగి, విని, "గూడు కట్టే పొద్దుకి ఆకు అయిపోయినట్టయింది కదమ్మా" అని నిట్టూర్చాడు. బెంగళూరు పాత కంపెనీకి ఏమని రాయాలా అని నేత్ర ఆలోచిస్తుండగా ఫోను మోగింది.

"ఏమ్మా, యాల పంపలేదు?" పురుషోత్తమప్ప గొంతులో కోపం కూడా ఉంది.

"ఏమి పంపేది?"

"పని. ఉగాదికి రోజులు లెక్కేసుకుని పెద్దమ్మాయి పొద్దుననుంచీ ఖాళీగా కూర్చోని ఉండాది నీ పనికోసం. ఉగాది మనకోసం ఆగుతాదా?"

నేత్ర బొమ్మంతా డిస్కులో వేసుకుని చింతామణి బస్సెక్కింది.

అంగడిలో పురుషోత్తమప్ప డిస్కు లాక్కుని, పలకరింపు కూడా లేకుండా లోపలి గదికి పోయాడు. ఆయన భార్య మునిరత్నమ్మ టీ తెచ్చి నేత్ర ముందు పెట్టింది. తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తే లోపల ఏసీ, గోడ పొడుగునా బ్యాటరీలు, మధ్యలో పెద్దమ్మాయి హోరు. గోడకు వేలాడే పలకమీద ఎవరి పని ఎప్పుడో సుద్దతో రాసి ఉంది. పరగోడు ధనుంజయ అని ఒకరు, భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో పటాలు గీసే చదువు. బాగేపల్లి ఆశ, టమాట ఆకు ఫోటో చూసి రోగం చెప్పే ప్రాజెక్టు. ఇద్దరి పేర్లమీదా గీత కొట్టి, 'సాదలి పాప అయినాక' అని రాసి ఉంది.

"ఇదేమమ్మా?" అంది నేత్ర.

"ఏమని చెప్పేది తల్లీ" అని మునిరత్నమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంత పెద్దది కొనుక్కునే స్తోమత లేని పిల్లోళ్లు పని పంపిస్తే దీంట్లో చేసిచ్చేది. ఒక్కరి దగ్గర పైసా తీసుకోడు. ఒకరికి అమ్మేస్తే ఆ ఒక్కరింట్లోనే ఉంటాది కదా, అందుకే ఎవరికీ ఇయ్యడు. ఇది అమ్మేది కాదు అని చెప్పేదానికి నోరు రాదు. ఇల్లు చూస్తానని పోయి ఏదో ఒక వంక పెట్టొస్తాడు. చిక్కబళ్లాపురంలో ఒకాయన ఇంట్లో ఏ వంకా దొరకలేదు. గది, కరెంటు, ఏసీ, అన్నీ బాగుండాయి. పాపం ఇంటికొచ్చి అన్నం తినలేదు. చివరికి ఆ ఇంటి కుక్క మొహం బాగలేదని కబురు పెట్టినాడు."

నేత్ర లోపలికి పోయింది. ఆయన తెరకేసి చూస్తూ నిలబడ్డాడు. వెయ్యి పురుగులూ అప్పటికే ఒక్కొక్క చిత్రంగా బయటికి వస్తున్నాయి.

"ముందే చెప్పుండొచ్చు కదప్పా."

"ఏమి చెప్పేది? ఇంటికి ఇయ్యను అన్నాను. నీ పని చెయ్యనని అది అన్నదా?"

"మరి గడప ఎత్తు అంటిరే?"

పురుషోత్తమప్ప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీకు బుద్ధుండాదామ్మా? ఈ హోరు చూడు, ఈ వేడి చూడు. ఇది మీ ఇంట్లో రోజుల తరబడి నడిస్తే గోడకి అవతల మీ నాయన పురుగు బతుకుతాదా? మీ కరెంటుకి ఇదీ బోరూ రెండూ ఆడవు. ఆ మాట మీ నాయన ముందర నేను అనుంటే ఏమనుండేవాడు?"

నేత్రకు తెలుసు. బిడ్డ పని ముఖ్యం, ఈ పంటకి పురుగు పెట్టను అనేవాడు. అని, మరుక్షణం షెడ్డు ఖాళీ చెయ్యడానికి లేచేవాడు. గడప మీదికి నెపం తోసేసి ఆయన ఆ మాటే పుట్టకుండా చేశాడు. ఇన్ని రోజులు తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి నేత్రకు సిగ్గేసింది.

"టీ చల్లారిపోతాది, పో" అన్నాడాయన.

బొమ్మ ఉగాదికి ముందే వెళ్లింది. కంపెనీవాళ్లు చూసి, ఏడాది పని ఇస్తున్నామని రాశారు. ఆ పురుగు ముఖం ఎవరు చేశారని వేరేగా అడిగారట. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రాస్తూ నేత్ర ఎంతసేపు నవ్విందో రూపేష్‌ని అడగాలి.

బొమ్మ నలుగురూ చూసేటట్టు విడుదలైన రోజు నేత్ర చింతామణి వెళ్లి, అంగడిలో పెద్ద తెరమీద పెట్టి చూపించింది. పురుగు అలిగింది, తిన్నది, చివరికి గూడు కట్టుకుని పడుకుంది. పురుషోత్తమప్ప తల ఊపుతూ చూస్తున్నాడు. చివర్లో పేర్లు వచ్చాయి. కథ, బొమ్మలు నేత్ర. దాని కింద, కంప్యూటర్ సాయం, పురుషోత్తమప్ప, చింతామణి.

తల ఊపడం ఆగిపోయింది. ఊరూరా మనుషుల్ని నోరు తెరిపించిన మనిషి, తన నోరు మూయడం మరిచి తెరకేసి చూస్తున్నాడు.

"ఇదేమమ్మా ఇది. నన్ను అడగకుండానే."

"అడిగితే ఏదో ఒక వంక పెడతారు కదప్పా."

"పని చేసింది అది, పేరు నాదా? తప్పు. తీసెయ్యమని చెప్పు వాళ్లకి."

"ఇంక తియ్యలేరప్పా. జనం చూసేసినారు."

ఆయన కాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. గల్లాపెట్టె సర్దాడు. మళ్లీ తెరకేసి చూశాడు. చివరికి గొంతు సవరించుకుని, "అయితే మొదటినుంచీ ఇంకోసారి పెట్టు" అన్నాడు. "రత్నమ్మ చూడలేదు పాపం."

మునిరత్నమ్మ మొదటినుంచీ ఆయన వెనకాలే నిలబడి మొత్తం చూసింది. అయినా కొంగుతో చేతులు తుడుచుకుని, కొత్తగా వచ్చినదానిలా ఆయన పక్కన కూర్చుంది.